సరిపోలని టేపు

కేశవులు చెప్పులు గడప బయటే వదిలి, డైరెక్టరు గదిలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ టేపు పనికి రాకుండా పోయిందంట గదా సార్. అది నా వల్లే చెడింది," అన్నాడు.

డైరెక్టరు పట్టాభిరామన్ తలెత్తి చూశారు. ఆయన ఎదుట కూర్చున్న బాలసుబ్రహ్మణ్యం మాత్రం తల దించుకున్నాడు. కేశవులు అతనికి స్వయానా మేనమామ.

తప్పు ఎక్కడ జరిగిందని డైరెక్టరు అప్పుడే బాలసుబ్రహ్మణ్యాన్ని అడిగారు. అతను జవాబు చెప్పబోతుండగా మామ లోపలికొచ్చాడు.

పుదుచ్చేరిలో మేట్టుపాళయం ఫ్యాక్టరీల వెనక ఉన్న వాళ్ల రేడియో టెలిస్కోపు చిన్నది. ఒంటరిగా అది చూడగలిగేది తక్కువే. కానీ వేల మైళ్ల దూరంలో ఉన్న ఇంకొన్ని టెలిస్కోపులతో కలిసి, ఒకే వేళకు ఆకాశంలో ఒకే చోటికి గురిపెడితే, అన్నీ కలిసి భూమంత పెద్ద టెలిస్కోపులా పనిచేస్తాయి. పగలైనా ఫర్వాలేదు, రేడియో తరంగాలకు ఎండ అడ్డం కాదు. ఎవరి చోట వాళ్లు ఆ తరంగాలను టేపుల మీదికి ఎక్కించి, విమానంలో విదేశంలోని ఒక కేంద్రానికి పంపాలి. అక్కడ అన్ని టేపులనూ, గడియారం వాటి మీద వేసిన వేళను బట్టి, సెకనులో లక్షో వంతు తేడా కూడా రాకుండా జతచేసి చూస్తారు. ఎనభై నాలుగులో పుదుచ్చేరికి మొదటిసారి ఆ జట్టులో చోటు దొరికింది. రిసీవరు, గడియారం, టేపులు, అన్నీ బాలసుబ్రహ్మణ్యం పూచీ.

మిగతా దేశాల టేపులన్నీ ఒకదానితో ఒకటి సరిపోలాయి. పుదుచ్చేరి టేపు దేనితోనూ సరిపోలలేదు.

వెల్డింగ్ మంట రేడియోలో రొద పుట్టిస్తుంది. కేశవులు వెల్డింగ్ షెడ్డు టెలిస్కోపుకు కూతవేటు దూరం. పరిశీలన జరిగే రోజు మామ మిషను ముట్టడని బాలసుబ్రహ్మణ్యమే డైరెక్టరుకు మాటిచ్చాడు.

"పొద్దున్నే వైతికుప్పం అయ్యాసామి పరిగెత్తుకుంటా వచ్చినాడు సార్," అన్నాడు కేశవులు. "వాళ్ల తమ్ముళ్ల కట్టుమరం గాలికి కొట్టుకొని పోయింది. యాడుందో తెలీదు. మోటారు పడవలో పోయి వెతకాల. చూస్తే ఇంజను బిగించే ఇనప చట్రం విరిగుంది. కాదనలేకపోయినా. ఒక్క గడియ వెల్డింగ్ పెట్టినా."

"మనుషులు దొరికారా?"

"దొరికినారు సార్. ఇద్దురూ పాణాలతో వచ్చినారు. అయినా ఇచ్చిన మాట మాటే గదా. మీ ముందర మా అల్లుడి తల వంచేసినా."

పట్టాభిరామన్ బాలసుబ్రహ్మణ్యం వైపు తిరిగారు.

"ఆ రొద మన రిసీవరును ముంచేసుంటుంది. అంతేనంటావా?"

బాలసుబ్రహ్మణ్యం చెవులు వేడెక్కాయి.

"అయ్యుంటుంది సార్," అన్నాడు చివరికి.

"నువ్వేం చేస్తావులే. నీ తప్పేముంది?"

ఆ మాటకు అతను ఇంకా కుంచించుకుపోయాడు.

తర్వాతి పరిశీలనకు పుదుచ్చేరిని పిలవలేదు. సంగతి ఊళ్లో పాకింది. పెద్ద మార్కెట్టులో కేశవులు కనిపిస్తే 'ఆకాశాన్ని చెడగొట్టినాయన' అని నవ్వేవాళ్లు. అతను ఎవరితోనూ వాదించలేదు. షెడ్డు ఎత్తేసి సముద్రం ఒడ్డున సోలై నగర్ వైపు మార్చుకున్నాడు. ఫ్యాక్టరీల పని పోయింది. పడవల మరమ్మతులు మాత్రం మిగిలాయి.

మామ సైకిలు వీధి మొదట్లో కనిపిస్తే చాలు, బాలసుబ్రహ్మణ్యం పక్క సందులోకి తిరిగేవాడు. మామ ఇంటికొస్తే పెరటి గదిలోంచి బయటికి వచ్చేవాడు కాదు. అతని భార్య వసంతకుమారికి అది అన్యాయంగా తోచింది.

"మీ మామ ఏం తప్పు చేసినాడని మొగం చాటేస్తారు? ఇద్దుర్ని బతికించినాడు గదా. ఇంకా ఏంది ఆ కోపం?"

"నా వల్ల కావడం లేదు వసంతా," అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు.

మరుసటి ఏడు పట్టాభిరామన్ ఎవరెవరినో బతిమాలి ఇంకో అవకాశం తెచ్చారు. ఆ రోజు బాలసుబ్రహ్మణ్యం టెలిస్కోపు దగ్గరికి వెళ్లేసరికి, గేటు ముందు సిమెంటు దిమ్మ మీద కేశవులు కూర్చుని ఉన్నాడు. అల్లుణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

"నేను లోపలికి రాను అల్లుడూ. ఈ గేటు కాడే ఉంటా. చుట్టూ ఉండే షెడ్లు అన్నిటికీ పోయి, కాళ్లు పట్టుకోని చెప్పొచ్చినా. ఎవురూ మిషను ముట్టరు. మోపెడు వచ్చినా ఆపి, తోసుకోని పొమ్మంటా. ఈ తూరి నీకు మాట రానీను."

"ఎండ మండిపోతోంది. ఇంటికి పో మామా."

"నాకు ఎండ కొత్తా? నన్ను మన్నిచ్చినానని ఒక్క మాట చెప్పు. సాలు."

బాలసుబ్రహ్మణ్యం గేటు ఊచలు పట్టుకున్నాడు. మామ కళ్లలోకి చూడలేకపోయాడు.

"మన్నించాను మామా," అన్నాడు.

కేశవులు కండువాతో కళ్లు ఒత్తుకుని, మళ్లీ దిమ్మ మీద కూర్చున్నాడు.

బాలసుబ్రహ్మణ్యం లోపలికి వెళ్లి, తలుపు గడియ వేసుకుని, పోయినేడు ఆ ఉదయం సరిచెయ్యడం మరిచిపోయి, టేపులు విమానమెక్కాక గుర్తొచ్చినా ఎవరికీ చెప్పకుండా దాచిన గడియారాన్ని ఈసారి అన్నిటికంటే ముందు సరిచేశాడు.