గత వారం పని వెతికారా?

పట్టపగలు అరుగు మీద పడుకున్న స్వామిని లేపి, రిదా తన సర్వే ఫారం తెరిచింది. ఎం.ఏ. ఎకనామిక్స్ చివరి సెమిస్టర్‌కు ఆమె ప్రాజెక్టు: ఆర్థిక మాంద్యం తర్వాత మెదక్‌లో నిరుద్యోగం.

"నర్సాపూర్ దిక్కు కంపెనీల చేసేటోన్ని. అది మూతవడి రెండేండ్లాయె. గల్లీ అంతా సోమరిపోతు అంటున్నరు. నీ కాగితంలనన్న నిరుద్యోగి అని రాయి చెల్లె," అన్నాడు స్వామి.

"గత వారం పని వెతికిండ్రా అన్నా?"

"ఏడ దేవులాడాలె? రోజు పోయి గేటుకున్న తాళం చూసి రావాల్నా?"

"వెతకకపోతే మీరు నిరుద్యోగి కిందికి రారు. నిర్వచనం గంతే."

గల్లీవాళ్ల మాటే నిజమనుకుంటూ రిదా 'పని కోరనివారు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

"అంటే ఆశ చచ్చినోళ్లనందర్ని తీసేస్తరు, నిరుద్యోగం తగ్గుతది, మీ సార్లు సంక్షోభం పోయిందని పేపర్ల రాస్తరు. మస్తుంది!" స్వామి వెక్కిరింతగా చప్పట్లు కొట్టాడు. "ఇగ తొమ్మిదోది అడుగు. ఎందుకు వెతకలేదు, గదే కదా?"

రిదా ఉలిక్కిపడింది. ఫారం ఆమె వైపే తిరిగి ఉంది.

"మీకెట్ల తెలుసు?"

"మీ డిపార్ట్‌మెంట్లనే చదివిన. గీ సర్వేతోనే నాకు గోల్డ్ మెడల్ వచ్చింది. గప్పుడు నేనూ గిట్లనే ముప్పై మందిని లెక్కల నుంచి తీసేసిన."

స్వామి మళ్లీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"అండ్ల మా నాయిన ఒకడు."