పెట్టె కింద నేల

పశువులు మేసే నేల నుంచి ఎంత వాయువు లేస్తుందో కొలవడానికి లియాఖత్ అలీ సారు తిరుమలగిరి బీడులో రేకు పెట్టె బోర్లించాడు. వారం రోజులు పక్కనే కూర్చుని, సూదితో అందులోని గాలి లాగి చూశాడు. వచ్చింది అంతంతమాత్రమే.

ఎనిమిదో నాడు పదింతలైంది! "ఇలాంటి నేల ఇంకెక్కడా లేదు" అని పై అధికారులకు ఉత్తరం రాసి, పోస్టు డబ్బాలో వేసొచ్చాడు.

బీడులో పేడ ఎత్తే ఈదమ్మ నవ్వింది. "ఖుషీగున్నవ్ సారూ, చూసుకున్నవా?"

"ఏం చూసుకోవాలె?"

"పెండ మీద ఏదన్న బోర్లిస్తే ఆ పెండ వాళ్లదే, మా ఊర్ల ఇంకెవ్వలు ముట్టరు. నువ్వేమో వారం సంది ఖాళీ జాగకు కావలి కాస్తున్నవ్. పాపమనిపించి, నిన్న మాపటికి పెట్టె లేపి తట్టెడు పెండ పెట్టిన."

సారు పెట్టె లేపి కిందికి వంగి చూశాడు.

"సాలలేదా? రేపు ఇంకో తట్ట పెడ్త. ఫికర్ చెయ్యకు."