బీటు పడని పాట

"సౌండు తగ్గించరా, చెవులు పగిలిపోతా ఉండాయి!" మేత బస్తా విప్పుతూ కేకేసింది ఎవాంజెలిన్.

మాథ్యూ హెడ్‌ఫోన్స్ తీశాడు. షెడ్డులో సైరన్ కూస్తోంది.

"నేనేం పాట పెట్టలా, అక్కా."

"నీ పాటే గదరా! అల్లూరంతా దీనికే ఎగరతా ఉండారు."

నిజమే. రొయ్యల గుంటలకు కరెంటు పోతే మోగే ఈ సైరన్‌నే రికార్డు చేసి, డాన్సు బీటు కలిపి హౌస్ మ్యూజిక్ రీమిక్స్ వదిలాడు మాథ్యూ. మొదట చాలాసేపు ఉత్త సైరన్, ఆ తర్వాత బీటు. ఇప్పుడు ప్రతి గుంట దగ్గరా అదే పాట.

ఎంతసేపైనా బీటు పడలేదు. మాథ్యూ గుంట వైపు చూశాడు. నీళ్లు చిలికే చక్రాలు ఆగిపోయి ఉన్నాయి. రొయ్యలు గాలి కోసం పైకి తేలుతున్నాయి.

"అక్కా, ఇది నిజం సైరనే! జనరేటర్!"

ఇద్దరూ పరుగెత్తారు. హడావుడిలో తాళంచెవి జారిపడింది. ఎలాగో జనరేటర్ అందుకుంది. చక్రాలు తిరిగాయి, సైరన్ ఆగింది.

"బతికించినావు ప్రభువా," అంది అక్క.

అప్పుడు వినపడ్డాయి మిగతావి. కనుచూపు మేర అన్ని గుంటల మీదా సైరన్లు కూస్తున్నాయి. ఏ గట్టు మీదా ఎవరూ పరుగెత్తడం లేదు.

"మస్తానన్నా! కరెంటు పోయింది!" గొంతు చించుకున్నాడు మాథ్యూ.

పక్క గుంట మస్తాన్ షెడ్డులోంచి బయటికొచ్చాడు. మాథ్యూని చూసి నవ్వి, రెండు చేతులూ పైకెత్తి చిందెయ్యడం మొదలుపెట్టాడు.