ఒక్క పూట ఎమ్మే

ఆదివారం ఒక్క పూటకు గది, కోటు, నాలుగు లావు పుస్తకాలు అరువిస్తే, హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ నీకే మొదటి ముద్ద పెడతానని పాపన్న హనుమంతరాయుడి కాళ్ళు పట్టుకున్నాడు.

హనుమంతరాయుడిది ధర్మవరం. హైదరాబాదు యూనివర్సిటీలో ఎమ్మే చదువుతున్నాడు. పాపన్నది పెనుకొండ. ఆ హాస్టల్లోనే వంటవాడు. అనంతపురంలో పీయూసీ తప్పి, ఆ మాట తల్లికి చెప్పలేక రైలెక్కి వచ్చేశాడు. నెలనెలా ఇంటికి పంపే జీతాన్ని స్కాలర్‌షిప్పని రాస్తూ, నాలుగేళ్ళలో ఉత్తరాల్లోనే బీయే పాసై, ఉత్తరాల్లోనే ఎమ్మేలో చేరిపోయాడు.

ఆ ఉత్తరాలే కొంప ముంచాయి. తల్లి గంగులమ్మ ఊరంతా చెప్పుకుంది. మాట గోరంట్ల దాకా పాకి, ముప్పై ఎకరాల వెంకటప్ప చెవిన పడింది. ఆయనకు నీలావతి ఒక్కతే కూతురు. పిల్లవాణ్ణి చూడ్డానికి ఆదివారం వస్తున్నానని కార్డు రాశాడు.

"రావద్దని రాసెయ్యబ్బా," అన్నాడు హనుమంతరాయుడు.

"యాడ రాసేది? నీలావతిని ఒగసారి హిందూపురం బస్సులో చూసినా. టిక్కెట్టు గాలికి ఎగిరిపోతే, కండక్టరు మొగం చూసి నవ్వింది చూడూ..." తలచుకుని పాపన్న తానూ నవ్వాడు. "గుట్టు బయటపడితే ఆ పిల్లా దక్కదు, మా యమ్మ పెనుకొండలో తలెత్తుకోలేదు."

"సరే. మరి నేనేం జేయల్ల?"

"నువ్వు వంటోడివి."

ఆదివారం పొద్దున్నే పాపన్న తన చేత్తోనే రాగిసంగటి కెలికి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి నూరి, తలస్నానం చేసి కోటు తొడిగాడు. హనుమంతరాయుడు తలకు తువ్వాలు చుట్టాడు. హాస్టలంతా పెళ్ళివారి విడిదిలా ఊగిపోయింది. నిన్నటిదాకా "రేయ్, చారు పొయ్యి" అన్న పిల్లలు ఇవాళ "గుడ్మార్నింగ్ సార్" అంటూ వంగి వంగి పోయారు.

వెంకటప్ప పెద్ద తలపాగాతో వచ్చి కూర్చుని, బల్ల మీది లావు పుస్తకం తట్టాడు.

"ఏదీ, ఒగ ముక్క సదువు నాయనా."

పాపన్న పుస్తకం తెరిచాడు. తనకు నోటికి వచ్చిన ఇంగ్లీషంతా భోజనాల హాల్లో బోర్డు మీద ఉన్నదే. దాన్నే గొంతెత్తి అందుకున్నాడు.

"ప్లేట్స్ షుడ్ నాట్ బి టేకెన్ టు రూమ్స్! గెస్ట్స్ షుడ్ పే ఇన్ అడ్వాన్స్!"

గుమ్మం బయట పిల్లలు నోట్లో తువ్వాళ్ళు కుక్కుకున్నారు.

"అంటే ఏమి?"

"రాజులు యుద్ధాలు ఎట్ల జేసినారో రాసినారు మామా."

"ఓహో." వెంకటప్ప గంభీరంగా తల ఊపాడు. "సదువు అయినంక సేద్యం చూసుకుంటావా?"

"సేద్యమా!" పాపన్న దొరలా నవ్వాడు. "కలెక్టరు ఉద్యోగం కాసుకోనుండాది గదా మామా."

భోజనాల దగ్గర హనుమంతరాయుడి చేతిలోంచి ప్లేటు జారి ఖంగుమంది. నాలుగేళ్ళుగా తాను తిన్న తిట్లన్నీ పాపన్నకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"వంటోడివి, ప్లేటు పట్టుకునేదే రాదేమిరా!" అని పదిమందిలో గద్దించాడు. భలే హాయిగా అనిపించింది.

వెంకటప్ప మూడు ముద్దలు తిన్నాడు. "ఈ ఊరిబిండి ఎవురు నూరినారు నాయనా? మా యమ్మ పోయినంక ఇట్లాంటిది తిన్లేదు."

నేనేనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పాపన్న దాన్ని మింగేశాడు. "ఈడే మామా, మా వంటోడు."

చెయ్యి కడుక్కోవడానికి పోయిన వెంకటప్ప కొళాయి దగ్గర హనుమంతరాయుడితో చాలాసేపు మాట్లాడాడు. కిటికీలోంచి చూస్తున్న పాపన్నకు కోటు లోపల చెమటలు పట్టాయి. తిరిగొస్తూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"ఊరిబిండి కారం నాయనా," అన్నాడు.

"ఏమడిగినాడ్రా?" పాపన్న గుసగుసగా అడిగాడు.

"ఏదో ఒగటి చెప్పినాలేబ్బా. గుట్టు గట్టిగానే ఉండాది," అన్నాడు హనుమంతరాయుడు.

సాయంత్రం కాచిగూడ స్టేషన్లో వెంకటప్పను రైలెక్కించి, పాపన్న కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"మా యమ్మకు ఏమని రాయల్ల మామా?"

"నీకు పిల్లనియ్యలేను నాయనా," అన్నాడు వెంకటప్ప నిదానంగా. "నీది పెద్ద సదువు. భూమి మొగం చూడవు. అన్నం పెట్టేవాణ్ణి నలుగురిలో గద్దించినావు."

రైలు కూత వేసింది.

"ఆ వంటపిల్లోడు కొళాయికాడ అంతా చెప్పినాడు. మీ పెనుకొండ దిక్కోడే నంట, మనోళ్ళ పిల్లోడే నంట. పీయూసీ తప్పినాడంట. అమ్మ బాధపడతాదని చెప్పకుండా, పొయ్యికాడ ఉడికి జీతమంతా ఇంటికి పంపుతాండాడంట."

రైలు కదిలింది. వెంకటప్ప కిటికీలోంచి వంగి పాపన్న చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వే ఎట్లన్నా ఆ పిల్లోణ్ణి ఒప్పించి, మా నీలావతికి జేసిపెట్టు నాయనా, నీకు పుణ్యముంటాది!"