పెరిగే పాదాలు

మూతపడ్డ లాడ్జిని కూల్చడానికొచ్చిన కూలీలు గడ్డపారలు కింద పడేసి గేటు ముందే కూర్చున్నారు. పన్నెండో గదిలో బొమ్మలు తీసేదాకా గోడ మీద ఒక్క దెబ్బ కూడా వేయమని ఖరాఖండిగా చెప్పేశారు.

"లాడ్జిలో దుప్పట్లన్నీ నీవే గదా ఓబులేసన్నా. ఆ బొమ్మల గుడ్డ గూడా నీ మగ్గందే. నువ్వే పైకి పోయి తీసుకురా," అన్నాడు మేనేజరు జయరాం.

పాత బాకీ కోసం వచ్చిన ఓబులేసు ఇరుక్కుపోయాడు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనిలోని ఈ పాత లాడ్జికి నెలనెలా దుప్పట్లు తెచ్చి కింద కౌంటర్లో ఇచ్చిపోవడమే గానీ, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మెట్లెక్కిన పాపాన పోలేదు. తాళం వేసిన ఆ గదిలో చిన్నపిల్ల పరుగులు వినబడతాయట. బొమ్మలకు మనిషి పాదాలున్నాయట. ఆ పాదాలు ఏటేటా పెరుగుతున్నాయట. ఈ సంగతి కోడుమూరు సంత దాకా మోసుకుపోయింది ఓబులేసే. దారిలో పిల్ల ఏడుపు కూడా తనే కలిపాడు.

ఇప్పుడు తప్పించుకునే దారి లేదు. ఆ దుప్పట్లకే దయ్యం పట్టిందని కూలీలు ఊరంతా చాటితే ఆయన నేసిన గుడ్డ ఎవరు ముట్టుకుంటారు? ఆంజనేయస్వామిని తలుచుకుని మెట్లెక్కాడు.

గదిలో కిటికీ కింద ఆరు బొమ్మలు వరుసగా ఉన్నాయి. ఒళ్ళు జానెడే గానీ, పాదాలు మాత్రం నిజంగానే మనిషిపిల్లవి. మొదటి బొమ్మ పాదం నాలుగు వేళ్ళంత. ఆరోదాని పాదం జానెడుకు కాస్త తక్కువ. అన్నిటికీ అరికాళ్ళలో కాటుక చుక్కలు.

ఆరోదైన పెద్దబొమ్మను ఎత్తాడు. ఎంత భయంలో ఉన్నా నేతగాడి వేళ్ళు ఊరుకోవు. నూలుతో అల్లిన జడను అవి వాటంతట అవే తడిమాయి. ఎక్కడా ముడి తగల్లేదు. తెగిన పోగును బయటివాళ్ళయితే ముడేస్తారు. నేతవాళ్ళు వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టి అతుకుతారు. ఇది అతికిన పోగు.

ఓబులేసు ఆ జడను చేతిలోంచి వదల్లేదు. ఏడేళ్ళ కిందట కూతురు నాగవేణి తను మెచ్చినవాణ్ణి చేసుకుని వచ్చి వాకిట్లో నిలబడితే, నా గడప తొక్కద్దు అన్నాడు. ఆ మాట అన్న రోజు నుంచి ఆయనకు కంటినిండా నిద్ర లేదు. ఆదోనికి వచ్చిన ప్రతిసారీ బజారులో కూతురి మొహం కోసం వెతుకుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఆయనకు అంతా అర్థమైనట్టయింది. తన నోట ఆ మాట పలికించింది ఈ బొమ్మలే. నేతపని తెలిసినవాడు, తనంటే గిట్టనివాడు దాయాది సోమప్ప ఒక్కడే. ఇది వాడు చేయించిన చేతబడి.

తప్పు తనది కాదని తెలిసేసరికి ఓబులేసుకు ఏడుపొచ్చింది. అందులో సంతోషమే ఎక్కువ.

బొమ్మల్ని పెరట్లోకి తెచ్చి, ఎండుపుల్లలు పేర్చి, కర్పూరం వెలిగించాడు. అన్నిటికంటే ముందు పెద్దబొమ్మను వేశాడు. నూలుగుడ్డ, భగ్గుమంది.

"ఇంగ నా బిడ్డ ఇంటికొస్తాది సూడు," అన్నాడు జయరాంతో. ఏడేళ్ళలో ఆయన మొహం అంత తేటగా ఎప్పుడూ లేదు.

పక్క సందులో ఉండే, మొన్నటిదాకా పైగదులు ఊడ్చిన గంగమ్మ ఆ పొగ చూసి పరుగున వచ్చింది. బూడిదలో కాలీ కాలని గుడ్డపాదం ఒకటి ఆమె కంటబడింది.

"ఎవురు కాల్సినారప్పా?"

"నేనే. మా సోమప్ప పెట్టిన పీడ. వదిలించినా."

"సోమప్ప ఎవురన్నా? అవి నాగవేణి కుట్టినవి."

గంగమ్మ ఏడుస్తూ ఒక్కొక్కటే చెప్పింది. ఆరేళ్ళుగా నాగవేణి ఇక్కడే పైగదులు శుభ్రం చేసింది. తండ్రి నేసిన దుప్పట్లే పరిచింది. పనిచోటికి పిల్లల్ని తేకూడదని యజమాని ఆంక్ష, అందుకే బిడ్డను పన్నెండో గదిలో పెట్టి తాళం వేసేది. పరుగులు ఆ బిడ్డవి. ఏటా పుట్టినరోజున బిడ్డ పాదాన్ని పాత దుప్పటి మీద పెట్టి, చుట్టూ గీత గీసి, ఆ కొలతకు బొమ్మను కుట్టేది. మనవరాలు ఎట్లా పెరిగిందో తాత ఎప్పుడైనా వచ్చి చూసుకోవాలని. కింద ఓబులేసు గొంతు వినబడితే పై మెట్టు దాకా వచ్చి ఆగిపోయేది. గడప తొక్కద్దన్నవాళ్ళ దగ్గరికి తను పోనని, ఆయనే ఒక్కసారి మెట్లెక్కి రానీ అని అనేదట. లాడ్జి మూసేశాక పోయిన నెలలో మొగుడూ పెళ్ళాం బిడ్డను తీసుకుని బతుకుదెరువుకు ఎటో వెళ్ళిపోయారు.

జయరాం తన ఫోనులో ఉన్న నాగవేణి పాత నంబరుకు కొట్టి చూశాడు. ఆ నంబరు పనిచేయడం లేదు.

ఓబులేసు బూడిద ముందు చతికిలబడ్డాడు. బూడిద అంటిన వేళ్ళు ఏ పోగూ లేకుండానే మెలిపెడుతున్నాయి.

"గంగమ్మా, నీకు దండం పెడతా. నా బిడ్డ యాడుందో సెప్పు. ఇప్పుడే పోతా, కాళ్ళు పట్టుకోనైనా పిల్చుకొస్తా."

గంగమ్మ తల వంచుకుంది.

"నాకు సెప్పలేదన్నా. మా నాయన ఎప్పుడైనా పైకొచ్చి బొమ్మను సేతికి తీసుకుంటే, అతుకు సూసి అది నా సెయ్యే అని కనిపెడతాడు అనింది. ఊరి పేరు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి, పెద్దబొమ్మ కడుపులో పెట్టి కుట్టిపోయింది."