ఊపిరి కూడా వినబడాలి

"మళ్లీ ఆరిపోయింది!" అంది వందన కంగారుగా.

మైకును ట్యాబ్లెట్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె మీద ఎర్ర లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. కరీంనగర్‌లో సంగీత పరికరాలమ్మే ఆ దుకాణంలో వాళ్లు చూస్తున్న రెండో పెట్టె అది. యజమాని ఖైసర్ వైరు పీకి మళ్లీ గుచ్చాడు. లాభం లేకపోయింది.

"పెట్టె మంచిదే వదినా. రెండు మైకులది గదా, ట్యాబ్ ఇచ్చే కరెంటు దీనికి సాలుతలేదు. అడాప్టర్ పెట్టి చూద్దాం."

అడాప్టర్ పెట్టగానే లైటు నిలబడింది. వందన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. వెంటనే తీసేసింది.

"జుయ్యిమని సప్పుడొస్తుంది. వద్దు."

"గంత సన్న సప్పుడు ఎవలు పట్టించుకుంటరే?" పక్క కుర్చీలోంచి భర్త శ్యాంసుందర్ నవ్వాడు. "భాయ్, ఈమెవి పాముచెవులు. మందమర్రిల మా క్వార్టర్ల నేను వాకిట్ల గుసగుసలాడినా వంటింట్ల వినబడ్తది."

దుకాణంలో అడుగుపెట్టినప్పటి నుంచీ అతని నోటికి విశ్రాంతి లేదు. బస్సులో సీటు కోసం పడ్డ కొట్లాట, దారిలో తాగిన పాడు చాయ్, గోడకు వేలాడే డోలక్‌ల రంగు, అన్నింటి మీదా ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. మధ్యలో గొంతు సవరించుకుంటున్నాడు తప్ప ఆపడం లేదు.

"ఫోన్లనే రికార్డు చేసుకుందామంటే ఇనదు భాయ్."

"చేసిన గదా!" వందన గొంతు పెరిగింది. "అంతా ఫ్యాను సప్పుడే. సగం మాటలు మింగేసింది. గట్ల కాదు, ఊపిరి సుత వినబడాలె."

ఖైసర్‌కు వింతగా తోచింది. పాడేవాళ్లు ఊపిరి చప్పుడు తీసెయ్యమని అడుగుతారు గాని, వినబడాలని ఎవరూ అడగరు.

"సాఫ్ చేసే యాప్ ఉన్నది వదినా. శ్రుతి తప్పినా అదే సరిజేస్తది."

"సరిజెయ్యొద్దు. ఎట్లున్నది అట్లనే రావాలె."

"అయితే ఆన్‌లైన్ల పెట్టుకోండ్రి. ఇంకా మంచిది నాలుగైదు రోజుల్ల వస్తది."

"అన్ని రోజులు ఆగరాదన్నా. రేపు పొద్దుగాల హైదరాబాద్ పోతున్నం."

"పోటీలున్నయా?"

వందన తల దించుకుంది. "ఆ, పెద్ద పోటీనే" అన్నాడు శ్యాంసుందర్. "బతుకమ్మ పాటలు దంచికొడ్తది మా ఇంటామె."

ఖైసర్ లోపలికెళ్లి అరచేతిలో పట్టే చిన్న పెట్టె తెచ్చాడు. "ఒక్క మైకుదే. ట్యాబ్ కరెంటే సాలుతది. మీకు ఒక్క గొంతే గదా కావాలె?"

"ఒక్కటే" అంది వందన.

పెట్టె తగిలించాడు. లైటు వెలిగింది. ముగ్గురూ కాసేపు దాన్నే చూశారు. ఆరలేదు. చప్పుడూ లేదు.

"జర ఒక్క లైను పాడుండ్రి వదినా."

మైకు ముందుకు వంగిన వందన తల తిప్పి భర్త వైపు చూసింది.

"సిగ్గు భాయ్ ఆమెకు. జరుగే" అంటూ శ్యాంసుందర్ మైకు తన వైపు తిప్పుకున్నాడు. "హర్షిణీ... లే బిడ్డా, బడికి టైమైతుంది. ఇయ్యాల జడ నేనే ఏస్త. వంకరొస్తే మీ అమ్మకు చెప్పకు, మంచిదా..." చివర్లో దగ్గు తెర వచ్చింది.

ఖైసర్ నవ్వుతూ నీళ్ల సీసా అందించాడు. "మంచిగొచ్చింది. గీ టెస్టు చెరిపేసి వదినది తీసుకుందాం."

అతని వేలు తెర మీద పడేలోపే వందన ట్యాబ్లెట్ లాక్కుని గుండెకు అదుముకుంది.

"చెరపకుండ్రి!"

"దగ్గు పడ్డది వదినా..."

"దగ్గు సుత ఉండనియ్యిండ్రి." ఆమె భర్త వైపు తిరిగింది. "ఇంకేమన్న చెప్పు. ఆపకు."

ఖైసర్‌కు ఏమీ అంతుపట్టలేదు. "పాడేది మీరు గదా వదినా?"

శ్యాంసుందర్ ముఖంలో నవ్వు మొదటిసారి సన్నగిల్లింది. భార్య భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎల్లుండి ఆపరేషన్ల నా స్వరపేటిక తీసేస్తుండ్రు, భాయ్."