బొగ్గుతో రాసిన పేరు

“మళ్ళీ చెప్పు. మీ అమ్మ ఎప్పుడు పోయింది?”

“మొక్కజొన్న కోతలప్పుడు,” అంది తెబెల్లో.

“ఈ ఏడు కోతలెక్కడివే? చేలన్నీ నిలువునా ఎండిపోతే. చలి మొదలైనప్పుడు అని చెప్పు. ఏం జబ్బు?”

“దగ్గు.”

“ఏడ్చావా?”

పిల్ల నేలచూపులు చూసింది. పదేళ్ళుంటాయి. మోకాళ్ళూ మోచేతులూ తప్ప ఒంట్లో ఇంకేమీ కనబడదు. దినేయో దాని గడ్డం పట్టి పైకెత్తింది. ఆ పట్టులో ముద్దూ మురిపెం ఏమీ లేవు.

“బాగా ఏడ్చానని చెప్పు. చెప్పేటప్పుడు నా మొహం చూడకు.”

అప్పుడే కొండ కింద బండి మోత వినబడింది.

లెసోతో కొండల్లో వానలు మొహం చాటేసి రెండేళ్ళయింది. ఊళ్ళో గాడిదలు కూడా తూలుతూ నడుస్తున్నాయి. కింద పట్నంలో అనాథ పిల్లల ఆశ్రమం ఒకటుంది. మూడుపూటలా తిండి, మందమైన దుప్పటి, బడి. అయితే తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్ళకే అక్కడ చోటు. తెబెల్లో తండ్రి గనిలో పోయిన సంగతి అందరికీ తెలిసిందే. తల్లి సంగతి ఊరిపెద్ద కాగితం మీద రాసి ముద్ర కొట్టి ఇచ్చాడు. కొట్టేటప్పుడు తల మాత్రం ఎత్తలేదు. ఇంట్లో మూడు గుప్పెళ్ళ పిండి మిగిలింది. ఇక్కడే ఉంటే ఈ పిల్ల చలికాలం గట్టెక్కదని చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

ఆశ్రమం నుంచి వచ్చినావిడ రెతబిలే ఆ కొండల్లోనే పుట్టి పట్నంలో చదువుకున్న మనిషి. అబద్ధాన్ని గుమ్మంలోనే పసిగడుతుందని ఆవిడకి పేరు. లోపలికి రాగానే మూత తీసి కుండలోకి చూసింది. తరవాత పిల్లని ఎదురుగా కూచోబెట్టుకుంది.

“మీ అమ్మ పేరేంటమ్మా?”

“మాతెబెల్లో.”

రెతబిలే రాసుకుంది. ఆ కొండల్లో బిడ్డతల్లిని పుట్టింటి పేరుతో ఎవరూ పిలవరు. తొలిచూలు బిడ్డ పేరు ముందు ‘మా’ చేరుస్తారు. ఇక కాటికి పోయేదాకా అదే పేరు.

“మరి నువ్వెవరక్కా?”

“దినేయో. దీని మేనత్తని.”

“ఇంకా పిల్లలున్నారా వాళ్ళకి?”

తమ్ముడుండేవాడని పిల్ల నోరు జారింది. దినేయో చటుక్కున అందుకుంది. వాడు పోయిన నెలలో పోయాడనీ, తల్లి పుట్టింటివాళ్ళు తమ ఊరు తీసుకుపోయి పాతిపెట్టారనీ చెప్పింది. రెతబిలే ఆమె వైపు కాస్త ఎక్కువసేపే చూసింది. ఆ తరవాత తల్లి గోరీ చూపించమంది.

పశువుల దొడ్డి వెనక రాళ్ళు పేర్చిన దిబ్బ ఉంది. తలవైపు పలకరాయి మీద బొగ్గుతో ‘మాతెబెల్లో’ అని రాసుంది. గాలికి రేగిన దుమ్ము కళ్ళలో పడుతోంది. రెతబిలే దిబ్బ పక్కన అడుగులు వేసి చూసింది. రెండడుగులకే అయిపోయింది.

“పొట్టిగా ఉందే.”

“మా వదిన పొట్టి మనిషి.”

“మరీ ఇంత పొట్టా?”

ఈలోగా తెబెల్లో వెళ్ళి రాళ్ళ మీద బోర్లా పడి వెక్కి వెక్కి ఏడవసాగింది. నేర్పితే వచ్చే ఏడుపు కాదది. చూడలేక రెతబిలే మొహం తిప్పుకుంది. గోరీ మీది అనుమానం కాస్తా ఈ మేనత్త మీదికి మళ్ళింది. పిల్ల వెళ్ళిపోతే చేను ఎవరికొస్తుందని అడిగింది. ఎండిన చేను ఎవరికి కావాలంది దినేయో.

“చూడక్కా, ఇందులో ఒక్క మాట అబద్ధమని తేలినా పిల్లని తెచ్చి ఈ గుమ్మంలోనే దింపేస్తాం. మళ్ళీ తీసుకోం.”

దినేయో తలూపింది. అంతలో దొడ్డి మలుపులో మేకలు కనబడ్డాయి. వాటి వెనకే ముసలి మోఖెథి. రోజూ ఆ దారినే వెళుతూ దినేయోని పేరు పెట్టి పలకరించే మనిషి. ఈ ఒక్కరోజూ అవతలి గట్టు మీద మేపుకోమని నిన్ననే బతిమాలింది. మేకలు వింటేగా.

ముసలాయన ఆగాడు. బండిని చూశాడు, రాళ్ళ మీద పడి ఉన్న పిల్లని చూశాడు, పలకరాయిని చూశాడు. కర్ర పైకెత్తి, నోట్లో గులకరాయి పెట్టుకున్నవాడిలా, “శాంతి... దినేయో,” అని ఆ కొండల పద్ధతిలో పలకరించి గబగబా వెళ్ళిపోయాడు.

“పేరు పెట్టి పిలుస్తున్నాడే,” అంది రెతబిలే. “నీకు పిల్లల్లేరా?”

“లేరు.”

“అందుకేలే, ఇంత రాయిలా ఉన్నావు.”

దినేయో పిల్లని లేవదీసి బండి ఎక్కించింది. తన ఒంటి మీది దుప్పటి తీసి దానికి చుట్టి, గుండెల దగ్గర పెద్ద పిన్ను గుచ్చింది. పిన్ను పెట్టడానికి అంతసేపు పట్టకూడదు.

“వెళ్ళొస్తాను అత్తా,” అంది తెబెల్లో, నేర్పినట్టే. వెనక్కి తిరిగి చూడలేదు. అదీ నేర్పిందే.

బండి కొండ దిగి, మోత పూర్తిగా ఆగిపోయేదాకా దినేయో అక్కడే నిలబడింది. తరవాత దిబ్బ దగ్గరికి వెళ్ళి, జారిన రాళ్ళు ఒక్కొక్కటే సర్దింది. పలకరాయి మీది బొగ్గు రాతని అరచేత్తో రుద్ది రుద్ది చెరిపేసింది. చేతులు నల్లగా అయ్యాయి. సన్నగా మంచు మొదలైంది. ఒంటి మీద దుప్పటి లేదన్న సంగతే ఆమెకి పట్టినట్టు లేదు.

మేకల్ని దొడ్లోకి తోలి ముసలి మోఖెథి తిరిగి వచ్చాడు. తన దుప్పటి తీసి ఆమె భుజాల మీద వేశాడు.

“లోపలికి పద, మాతెబెల్లో.”